ఎండకేం తెలుసు... ఏ బట్ట ఎవరిదో!

ధర్మపురి పోయినోళ్లకు యమపురి లేదంటారు. అందుకే నరసింహస్వామికి మొక్కి, ఆ ప్రాంగణంలోనే కొలువైన యమధర్మరాజుకూ ఓ దండం పెట్టుకుని, గోదావరిలో మునిగి ఇంటిదారి పడతారు అందరూ. కానీ కళ్లముందే ఉన్నా ఎవరూ ఆగి చూడని ముచ్చట ఒకటుంది ఆ ఊళ్లో. నది మెట్ల మీద, బండరాళ్ల మీద, వాకిళ్లలో, పిట్టగోడల మీద... ఎండకు ఆరే బట్టలు! వాటిని వరసగా చూసుకుంటూ పోతే చాలు, ఊరి కథ సగం తెలిసిపోతుంది.

పొద్దు పొడవకముందే గోదావరి ఒడ్డు మేలుకుంటుంది. జగిత్యాల నుంచి సుమారు 30 కిలోమీటర్లు, కరీంనగర్ నుంచి 75 కిలోమీటర్లు. ఆ దారుల్లో తొలి బస్సులకు దిగినవాళ్లు నేరుగా రేవుకే నడుస్తారు. మామూలుగా తూర్పుకు సాగే గోదావరి ఇక్కడ దక్షిణానికి మళ్లుతుంది. అందుకే ఈ చోట నదిని దక్షిణవాహిని అంటారు. ఊరేమో కుడి ఒడ్డున ఉంది. కాబట్టి సూర్యుడు నీళ్ల మీదుగా లేచి తిన్నగా మెట్లమీదికే చూస్తాడు. మునిగినవాళ్లకు పుణ్యం ఎంతొస్తుందో గానీ, తడిసిన బట్టకు మాత్రం తొలి ఎండ దక్కుతుంది.

చీర ఆరేయడానికి ఇక్కడ తాడక్కర్లేదు. ఇద్దరుంటే చాలు. ఒక కొస తల్లి పట్టుకుంటుంది. రెండో కొస కూతురు. ‘గట్టిగ పట్టు బిడ్డా, గాలికి పోతది’ అని హెచ్చరిక. ఇద్దరూ అటూ ఇటూ జరిగి నిలబడగానే నది గాలి మధ్యలోకి దూరి చీరను తెరచాపలా ఉబ్బిస్తుంది. పావుగంటలో ఆరు గజాలూ ఆరిపోతాయి. తోడు లేనివాళ్లు చీరను మెట్లమీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెడతారు. మగవాళ్ల పద్ధతి ఇంకా సులువు. తడి తువ్వాలను తలమీద వేసుకుని గుడి వరసలో నిలబడతారు. దర్శనం అయ్యేలోపు అదే ఆరుతుంది!

ఆ మెట్లమీదే పుట్టువెంట్రుకలు తీయించిన పసివాడి చిన్న అంగి ఆరుతుంటుంది. దాని పక్కనే, తండ్రి అస్థికలు కలపడానికి వచ్చిన కొడుకు తెల్ల ధోతి. ఒక కుటుంబంలో సంబురం, ఇంకో కుటుంబంలో దుఃఖం. రెండూ ఒకే గాలికి ఊగుతుంటాయి. ఏది ఎవరిదో, ఏ ఊరిదో, ఏ కులానిదో ఎండ అడగదు. మరి మనుషులో? ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే మెట్లెక్కి ఊళ్లోకి వెళ్లాలి.

చేతికందని దండెం

ధర్మపురి వేదపండితుల ఊరు. ‘నరసింహ శతకం’ రాసిన శేషప్ప కవిదీ ఈ ఊరే. ఇలాంటి ఊళ్ల పాత ఇళ్లలో దండేలు రెండు రకాలు. ఒకటి వాకిట్లో ఉండేది. రెండోది ఇంట్లో, పైకప్పుకు దగ్గరగా, ఎవరి చేతికీ అందనంత ఎత్తున వేలాడేది. దానిపేరు మడి దండెం. తెల్లారగట్ల తానం చేసినవాళ్లు తడిపి పిండిన బట్టను పొడవాటి కర్రతో ఎత్తి, ఆ దండెం మీద వేస్తారు. మర్నాడు పూజకో వంటకో దాన్నే కర్రతో దించుకుని కట్టుకుంటారు. ఈలోగా ఎవరూ తాకకూడదు. చిన్నపిల్లలు ఆ కర్రతో ఆడుకుంటే వీపు విమానం మోతే!

మడి లెక్క చాలా కచ్చితం. చాకలి ఉతికి తెచ్చిన బట్ట ఎంత తెల్లగా ఉన్నా అలాగే కట్టుకుంటే మడికి పనికిరాదు. మళ్లీ నీళ్లలో ముంచి, ఆ దండెం మీద ఆరేయాల్సిందే. పట్టుబట్టకు మాత్రం కొంత మినహాయింపు. అంటే మురికి వదిలించిన చేతులు, ఆ శుభ్రమైన బట్టను ముట్టుకున్నందుకే అది మళ్లీ తడవాలన్నమాట! మడి పాటించే ఇళ్లు ఇప్పుడు తగ్గాయి. ఇనుప కొక్కేలు మాత్రం కొన్ని పాత దూలాలకు ఇంకా కనిపిస్తాయి. వాటిని చూసి ‘ఇవెందుకు’ అని మనవలు అడిగితే, చెప్పడానికి తాతమ్మలు ఒక క్షణం తటపటాయిస్తారు.

బాన, సౌడు, జీడిగుర్తు

ఇంతకీ ఆ చేతుల పని ఎలా ఉండేది? సబ్బుపొడి రాకముందు ఉతకడం పెద్ద విద్య. బట్టలను ముందు సౌడు కలిపిన నీళ్లలో నానబెడతారు. పెద్ద బానలో నీళ్లు పోసి, దానిమీద ఆ తడి బట్టలను ముంతలా పేర్చి, కింద మంట పెడతారు. లేచే ఆవిరికి మురికి మెత్తబడుతుంది. దీన్నే ఉబ్బకు పెట్టడం అంటారు. తెల్లారి మూటలు గాడిదల మీదెక్కించుకుని రేవుకు పోవడం, బండకేసి బాదడం, జాడించడం, తెల్లబట్టలకు నీలిమందు, ధోతులకు గంజి... అప్పుడు గానీ ఆరేసే ఘట్టం రాదు.

ఆరేయడంలోనూ ఒక కిటుకుంది. చాకలి తాడుకు క్లిప్పులుండవు. రెండు తాళ్లను కలిపి పురి తిప్పి బిగించి కడతారు. ఆ పురిలోకి బట్ట కొసను దూరిస్తే ఎంత గాలికీ ఊడదు, ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది. క్లిప్పు లేదు, తుప్పు మరక లేదు. ఊరి రేవుల నుంచి మహానగరాల ధోబీఘాట్ల దాకా ఇదే పద్ధతి.

మరి పాతిక ఇళ్ల బట్టలు కలిసిపోతే ఎవరివి ఎవరికి చేరాలి? దానికీ ఓ ఉపాయముంది. నల్లజీడి గింజ రసంతో బట్ట మూల చిన్న గుర్తు పెడతారు. ఒక ఇంటికి చుక్క, ఇంకో ఇంటికి రెండు గీతలు, మరో ఇంటికి ముగ్గు లాంటి మెలిక. ఎన్ని ఉతుకులకైనా ఆ గుర్తు పోదు. చదువు రానివాళ్లు రాసుకున్న ఊరి రికార్డు అది!

ఇంత పనికి దక్కేదేమిటంటే, పంట కాలంలో కళ్లం దగ్గర కొలిచిచ్చే గింజలు, పొద్దుగూకాక ఇంటింటా తిరిగి తెచ్చుకునే అన్నం. పెళ్లిళ్లలో వధూవరుల నడకకు బట్టలు పరవాలి, ఊరేగింపుల్లో కాగడా పట్టాలి, చావులకూ వాళ్లే ముందుండాలి. దొరల గడీలకైతే అదీ లేదు, అంతా వెట్టే.

బట్టను ఉతికి ఆరేయడమే కాదు, దొరతనాన్ని ఉతికి ఆరేసిన చరిత్రా ఈ వృత్తిదే. 1940లలో పాలకుర్తిలో తన కౌలు చేను పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కకుండా కాపాడుకున్న ఐలమ్మ ఇంటిపేరు కన్నా ముందు కులవృత్తి పేరుతోనే లోకానికి తెలిసింది. చాకలి ఐలమ్మ. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

ధర్మపురికి దగ్గర్లోనే ఇంకో ఘట్టం జరిగింది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతుకూలీలు ఊరేగింపుగా కదిలారు. జగిత్యాల జైత్రయాత్ర అన్న పేరు దానికే వచ్చింది. వెట్టి రద్దు కావాలన్నది వాళ్ల ప్రధాన డిమాండ్లలో ఒకటి. ఆ రోజుల్లో ఈ ప్రాంతపు పల్లెల్లో కొందరు దొరలను జనం సాంఘికంగా వెలివేశారు. వాళ్ల బట్టలు ఉతికేవారు లేరు, గడ్డం గీసేవారు లేరు, పశువులు కాసేవారు లేరు. తాము ముట్టుకోని మడి సంగతి సరే, ఎవరూ ముట్టుకోని మాసిన బట్టల మూట ఎంత బరువో గడీలకు మొదటిసారి తెలిసింది. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

తర్వాత వృత్తి నెమ్మదిగా మారింది. వాషింగ్ మెషిన్ ఇంట్లోకొచ్చింది. గాడిద బదులు మోపెడు, బాన బదులు ఇస్త్రీ బండి. 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, ధోబీఘాట్లకు, సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. పిల్లలు చదువుకుని వేరే కొలువుల్లోకి వెళుతున్నారు. తల్లిదండ్రులు వద్దనడం లేదు. ఆ పని ఎంత కష్టమో వాళ్ల మోచేతులకు తెలుసు.

దండెం చెప్పే కబుర్లు

ఇప్పుడు చాలా ఇళ్లలో ఎవరి బట్టలు వాళ్లే ఆరేసుకుంటారు. అందుకే ఇంటి ముందు దండెం చూస్తే లోపలి సంగతులు చెప్పేయొచ్చు. వరసగా చిన్న చిన్న గుడ్డముక్కలు ఆరుతున్నాయంటే కూతురు పురిటికి వచ్చిందని లెక్క. కొసలకు పసుపు అంటిన చీర ఉందంటే ఈమధ్యే శుభకార్యం జరిగిందని అర్థం. ఆదివారం సాయంత్రం దండెం నిండా స్కూలు యూనిఫాంలే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప దీక్షల నల్లబట్టలు. చైత్రం దగ్గరపడితే కాషాయం. జగిత్యాల జిల్లాలోనే ఉన్న కొండగట్టు అంజన్న దీక్షలు మరి! బతుకమ్మ వెళ్లిన మర్నాడైతే వీధి వీధంతా రంగులే.

ఇంకో గుర్తు ఈ ప్రాంతానికే ప్రత్యేకం. పండక్కి ముందు ఇల్లు దులిపినప్పుడు పిట్టగోడల మీద బొంతలతోపాటు బరువైన మెత్తటి చెద్దర్లు కనిపిస్తాయి. వాటిమీద పెద్ద పెద్ద పులులు, గులాబీలు. అవి గల్ఫ్ చెద్దర్లు. తెలంగాణ నుంచి గల్ఫ్ దేశాలకు వలసలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో జగిత్యాల ఒకటి. రెండేళ్లకో మూడేళ్లకో సెలవుపై వచ్చే మనిషి తెచ్చే సామానులో ఆ చెద్దరు తప్పనిసరి. అది తడిస్తే ఇద్దరు మోయాలి, ఆరడానికి రెండు రోజులు పట్టాలి. అయినా దాన్ని ఎండకు వేయని పండగ ఉండదు. అది చలికి కప్పుకునేది మాత్రమే కాదు కదా!

దండెం చెప్పని కబురు కూడా ఒకటుంది. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ల లోదుస్తులు ఏ తువ్వాల కిందో, చీర మడత చాటునో ఆరతాయి. నెలసరి గుడ్డలైతే గది మూలన, మంచం కింద, చీకట్లో. ఎవరి కంటా పడకూడదని. మగవాళ్ల బనియన్లు మాత్రం వీధివైపు దర్జాగా ఊగుతుంటాయి! సిగ్గుకు ఇక్కడ ఆరోగ్యం బలి అవుతోంది. వాడిన గుడ్డలను సబ్బుతో ఉతికి నేరుగా ఎండలో, పూర్తిగా ఆరబెట్టాలని, తేమ మిగిలిన బట్ట ఇన్ఫెక్షన్లకు దారి అవుతుందని ఆరోగ్య కార్యకర్తలు చెబుతూనే ఉన్నారు. మడి దండేన్ని ఎవరూ ముట్టకూడదన్నారు. ఈ బట్టలనైతే ఎండ కూడా ముట్టకూడదన్నట్టుంది మన తీరు.

ఆ వాసన ఎక్కడిది?

ఎండలో ఆరిన దుప్పటి మడత పెడుతూ ఒకసారి ముఖానికి ఆనించుకోని వాళ్లుండరు. ఆ కమ్మటి వాసన సబ్బుది కాదు, ఎండది. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ సంగతినే శాస్త్రీయంగా పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించారు. నూలు తువ్వాళ్లను శుద్ధి చేసిన నీళ్లలో తడిపి కొన్నింటిని గదిలో, కొన్నింటిని ఆరుబయట నీడలో, కొన్నింటిని ఎండలో ఆరేశారు. నేరుగా ఎండ తగిలిన వాటిలో ఆల్డిహైడ్లు, కీటోన్ల కుటుంబానికి చెందిన కొన్ని పదార్థాలు కనిపించాయి. పరిమళ ద్రవ్యాల్లో వాడే రసాయనాలూ ఆ కుటుంబంలోనివే. తడి బట్టకు ఎండ తగిలినప్పుడు జరిగే చర్యల వల్ల ఇవి పుడతాయని భావిస్తున్నారు. గదిలో ఆరిన తువ్వాలకు ఆ భాగ్యం లేదు.

వాసనే కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు సూక్ష్మజీవుల బెడదా తగ్గుతుంది. గాలి పని గాలిది. బట్ట చుట్టూ చేరిన తేమను ఎప్పటికప్పుడు తోసేస్తూ కొత్త తేమకు చోటిస్తుంది. అందుకే మడతపెట్టి వేసిన చీర రోజంతా ఉన్నా మధ్యలో చల్లగానే ఉంటుంది, విప్పి పట్టుకున్న చీర గోదావరి మెట్లమీద పావుగంటలో ఆరుతుంది. అయితే ఉత్తర తెలంగాణ ఎండలు మామూలువి కావు. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజుల్లో రంగు బట్టను తిరగేసి ఆరేయాలి, ఆరగానే తీసేయాలి. మరచిపోతే దాని రంగును సూర్యుడు పట్టుకుపోతాడు.

ఆరేస్తే జరిమానా!

ఇంత చవకైన, ఇంత మంచి పని కొన్నిచోట్ల తప్పు కూడా. ఆ పులి చెద్దర్లు వచ్చిన దుబాయ్‌నే చూడండి. బాల్కనీల్లో బయటికి కనిపించేలా బట్టలు ఆరేయొద్దని, నగరం అందం చెడుతుందని అక్కడి మున్సిపాలిటీ 2021లో ప్రజలకు మరోసారి గుర్తుచేసింది. అంత ఎండ ఉన్న దేశంలో!

అమెరికాలోనూ ఎన్నో కాలనీల్లో ఇళ్ల యజమానుల సంఘాలు పెరట్లో తాడు కట్టడాన్ని నిషేధించాయి. ఆరే బట్టలు కనిపిస్తే పేదల వాడ అనుకుంటారని, ఇళ్ల ధర పడిపోతుందని వాళ్ల భయం. కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో వెళ్లిన మన అమ్మానాన్నలు ‘ఇంత ఎండ పెట్టుకుని కరెంటుతో ఆరబెట్టుడేంది?’ అని ఆశ్చర్యపోయేది అందుకే. ఆ ఆశ్చర్యం అక్కడివాళ్లకూ కలిగింది. ఆరేసుకునే హక్కు కావాలంటూ ఉద్యమమే నడిపారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2008లో అలాంటి నిషేధాలను చాలావరకు తొలగించింది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2009లో అదే దారి పట్టింది. డ్రయర్‌కు అయ్యే కరెంటు ఆదా అవుతుందన్నది వాళ్ల ప్రధాన వాదన.

మన పట్టణాల్లోని అపార్టుమెంట్లలోనూ ఈ గాలి వీస్తోంది. ముందువైపు బాల్కనీలో ఆరేయొద్దని కొన్ని సంఘాలు నియమాలు పెడుతున్నాయి. ఒకప్పుడు మడి పేరుతో బట్టను దాచారు. సిగ్గు పేరుతో దాస్తున్నారు. ఇప్పుడు అందం పేరుతో దాచమంటున్నారు. పేర్లు మారాయి గానీ, మనిషి రోజూ ఒళ్లు కప్పుకునే గుడ్డను చూసి చిన్నబోవడం మాత్రం మారలేదు.

పుష్కరాలొస్తున్నాయి

ఆ చిన్నబోవడం కనిపించని చోటు ఏదైనా ఉందంటే, అది మళ్లీ గోదావరి రేవే. పుష్కరాల్లో అది మరింత బాగా తెలుస్తుంది. 2015 జులై 14న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు ధర్మపురిలోనే పుష్కర స్నానం చేసి ఆ వేడుకలను ప్రారంభించారు. పన్నెండు రోజులూ ఈ చిన్న ఊరు జనసంద్రమైంది. మెట్లు, గోడలు, బండరాళ్లు, వాహనాల తలుపులు... బట్ట ఆరని జాగా లేదు. కోటీశ్వరుడి ధోతీ, కూలి తల్లి చీరా పక్కపక్కనే!

మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. అవి వచ్చేది వానలు మొదలైన కాలంలో. ముసురు పట్టిందా, తడిబట్టలతో పిల్లలు, పెద్దలు వణకాల్సిందే. ఏర్పాట్ల గురించి మాట్లాడుకునేటప్పుడు స్నానఘట్టాలు, పార్కింగ్, లడ్డూలు అన్నీ గుర్తొస్తాయి. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదుల పక్కన పైకప్పున్న ఓ షెడ్డు, అందులో నాలుగు వరసల తాళ్లు ఉంటే ఎంత మేలో ఎవరికీ తట్టదు. ఖర్చు చూస్తే లెక్కలోకి రాదు.

భక్తుల వంతూ ఒకటుంది. స్నానం చేసి విడిచిన బట్టలను దోషం పోతుందని నదిలో వదిలేసే అలవాటు చాలా రేవుల్లో ఉంది. పాలిస్టర్ చీరలు నీళ్లలో ఏళ్లతరబడి చివకవు. రాళ్లకు చుట్టుకుంటాయి, చేపల వలలకు తగులుకుంటాయి, తర్వాత మునిగేవాళ్ల కాళ్లకు పడతాయి. చివరికి వాటిని ఏరేది ఏ పారిశుద్ధ్య కార్మికులో. మన దోషం వాళ్ల చేతికి అంటించి రావడం ఏం పుణ్యం? పిండి, ఆరేసి, మడిచి సంచిలో పెట్టుకుని తెచ్చుకుంటే నదికీ మేలు, ఆ చేతులకూ మేలు.

ధర్మపురి వెళ్లినప్పుడు సంచిలో పదిగజాల నైలాన్ తాడు ఒకటి పెట్టుకోండి. రెండు స్తంభాలు దొరికితే కట్టేయండి. మీ బట్టలు ఆరాక తాడు విప్పకముందు పక్కన తడి చీరతో నిలబడ్డ వాళ్లను ఓ మాట అడగండి... ‘మీరూ ఆరేసుకుంటారా?’ అని.